లిడియాకు నల్లరాయి

దాచేపల్లి పక్క ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పీ చెప్పీ సంజీవరావు మాస్టారి జుట్టు నెరిసింది. ఆలస్యానికి ఇన్ని మాటలెందుకని పిల్లలు విసుక్కుంటే ఆయనకు మహా హుషారు. బస్సు వేళకు రాకపోతే డిలే. పెళ్లిని మరో తేదీకి జరిపితే పోస్ట్‌పోన్. పెద్దలు ఆలోచించి తర్వాత చూద్దామంటే డిఫర్. చెయ్యగలిగీ నాన్చితే ప్రొక్రాస్టినేట్. ఈ చివరిది మాత్రం అచ్చంగా మనిషి తప్పేనని, దాని కింద సుద్దముక్కతో రెండు గీతలు కొట్టేవాడు.

ఆయన భార్య లిడియా పోయి నాలుగేళ్లయింది. సమాధుల దొడ్లో మట్టిదిబ్బ, తలవైపు కొయ్య సిలువ. ఏడాది తిరిగేలోగా సిమెంటు సమాధి కట్టించడం వాళ్లలో ఆనవాయితీ. మాస్టారు ముందు వానలు వెలవనీ అన్నాడు. తర్వాత కూలీలంతా మిరపకోతలకు పోయారన్నాడు. ఆ తర్వాత ఉత్త సిమెంటేమిటి, నల్లరాయే వేయిస్తానన్నాడు. పోనీ పేరు చెక్కిన చిన్న రాయైనా పాతమని పాస్టరుగారు చెబితే, లిడియాకు చిన్న రాయా అని మొహం చిట్లించాడు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే, ఇంటి చూరు మీద కూడా ఆ దుమ్మే. పెళ్లాం తలదగ్గరికి మాత్రం ఒక్క బస్తా దొరకలేదు ఈ మహానుభావుడికి. గుంటూరు నుంచి కూతురు స్తుతి ఫోన్ చేసి అడిగినప్పుడల్లా, పోస్ట్‌పోన్ చేశానమ్మా అనేవాడు. ఏ తేదీకో చెప్పేవాడు కాదు.

ఈ ఏడు సమాధుల పండుగకు ముందు, దొడ్లో పెరిగిన తుమ్మపొదలు తీయించడానికి సంఘంవాళ్లు జేసీబీ తెప్పించారు. కట్టిన సమాధులు కనబడిన చోటల్లా డ్రైవరు బండి పక్కకు తిప్పుకున్నాడు. లిడియా సిలువను చెద ఎప్పుడో తినేసింది. వానలకు కుంగిన దిబ్బ పొదల్లో అతని కంటికి ఆనలేదు. సాయంత్రానికి ఆ మూలంతా చదునైపోయింది.

పండుగనాడు స్తుతి పూలు, కొవ్వొత్తులు తీసుకుని వచ్చింది. అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి దండలు వేస్తున్నారు. మాస్టారు ప్రహరీ నుంచి అడుగులు కొలిచాడు. వేపచెట్టు నుంచి మళ్లీ కొలిచాడు. రెండుసార్లూ ఒకే చోటికి రాలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"అమ్మ ఎక్కడ నాన్నా?"

"ఆ జేసీబీవాడు చూసుకోవాలి కదమ్మా" అన్నాడు మాస్టారు.

"వాడినెందుకంటావు? బోర్డు మీద రెండు గీతలు కొట్టేవాడివిగా. ఆ మాట నీకే."

స్తుతి గొంతు పెంచలేదు. కొవ్వొత్తి వెలిగించి గోడవారన పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మాస్టారు కూడా వెళ్దామనుకున్నాడు. కానీ లిడియా ఎటువైపు పడుకుని ఉందో తెలియక, ఎక్కడ అడుగు వేయడానికీ భయపడి, అక్కడే నిలబడిపోయాడు.