వాన వద్దని మొక్కిన శనివారం

మాది ఆబిడ్స్‌లో గొడుగుల దుకాణం. మా మామగారి రోజుల నుంచీ వానాకాలమే మాకు పండగ. మబ్బు పట్టిందంటే ఇంట్లో అందరి ముఖాలూ వెలిగిపోతాయి. అలాంటి ఇంటి కోడలినై ఉండి, ఒక రోజు వాన పడొద్దని దేవుడికి మొక్కాను. మా అమ్మాయి కోసం మొక్కాను. ఈ మాట గర్వంగానే చెబుతాను.

ఏడో తరగతి చదివే మా అమ్మాయి మాటలు వచ్చినప్పటి నుంచీ ప్రశ్నల పుట్ట. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం కొనిపెడితే, కప్పుకి బయట నీళ్ళెందుకు పట్టాయని అడుగుతుంది. నల్ల గొడుగు ముట్టుకుంటే కాలుతోంది, మరి దాని కింద చల్లగా ఎందుకుందని బేరం మధ్యలో దూరుతుంది. తెలిస్తే చెబుతాను, తెలియకపోతే ఇద్దరం కలిసి వెతుకుతాం.

ఆదివారాలు ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో దానికి ఆకాశం గురించిన పుస్తకం ఒకటి దొరికింది. మన హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చేది ఏడాదికి రెండు రోజులేనని అందులో చదివింది.

"గట్లెట్లమ్మా? రోజూ పగటీలి నెత్తి మీదనే ఉంటడు గదా" అంది.

మే నెలలో మేడ మీద, నల్లా మరమ్మతులో మిగిలిన పైపు ముక్కను నిలబెట్టి చూశాం. రోజూ మధ్యాహ్నం దాని పక్కన ఎంతో కొంత నీడ ఉండేది. ఆ ఒక్క రోజు కాసేపు ఏమీ లేదు. అది చూసి పిల్ల గంతులు వేసింది.

జూలైలో నాంపల్లిలోని దాని బడిలో, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎక్కడుంటాడని సైన్సు టీచరు అడిగింది. పిల్లలంతా నడినెత్తినే అన్నారు. మా అమ్మాయి లేచి, "రోజూ కాదు మేడం, రెండు రోజులే" అందట. టీచరు నవ్వింది. దాంతో తరగతంతా నవ్వింది. ఆ రోజు నుంచి పిల్ల ప్రశ్నలు మానేసింది. బడిలోనూ లేవు, ఇంట్లోనూ లేవు. ఐస్‌క్రీం తెస్తే మాట్లాడకుండా తినేసి చేతులు కడుక్కుంది. నాకు ఒళ్ళు మండింది.

నేరుగా బడికి వెళ్ళాను.

"మేడం, గా రెండో రోజు ఆగస్టు మొదటి శనివారం వస్తది. నవ్వుడెందుకు, మీ బడి ముంగటనే చూద్దం" అన్నాను.

ఆవిడ ముఖం ముడుచుకుంది కానీ కాదనలేదు. "సరే తియ్యుండ్రి, చూద్దం" అంది.

ఆ శనివారం తెల్లారేసరికి ఆకాశమంతా మబ్బే. మా ఆయన హుషారుగా షట్టరు ఎత్తుతున్నాడు. నేను దండం పెట్టుకోవడం చూసి, "సీజన్ల వాన వద్దని మొక్కుతున్నవా? జర మన కడుపు గూడ చూడు" అన్నాడు.

"ఒక్క పూట ఆగితే గొడుగులేం పారిపోతయి?" అని పైపు ముక్క సంచిలో వేసుకుని బయలుదేరాను.

పన్నెండు దాటింది. పిల్లలంతా బడి ఆవరణలో పైపు చుట్టూ గుంపుగా నిలబడ్డారు. మబ్బు కదలదు. "ఏడున్నడే నీ సూర్యుడు?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. మా అమ్మాయి తల వంచుకుంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

అప్పుడు మబ్బు కాస్త పక్కకు జరిగి, ఎండ చుర్రుమంది. పైపు చుట్టూ ఎక్కడా నీడ లేదు. పిల్లలు తమ తమ నీడల కోసం కాళ్ళ కింద వెతుక్కుంటున్నారు. టీచరు నమ్మలేక పైపు చుట్టూ తిరిగింది, దాన్ని తీసి ఇంకో చోట నిలబెట్టింది. అక్కడా నీడ లేదు.

"నేను నవ్వుడే తప్పు. గీ పిల్ల చెప్పిందే నిజం" అని అందరికీ వినబడేలా అంది. ఆవిడ మీద నాకున్న కోపమంతా ఆ మాటతో పోయింది. "ఇంకెవరన్న ఏమన్న అడుగుతరా?" అంది.

నేను మా అమ్మాయి చేతి వైపే చూస్తున్నాను. అది మెల్లగా పైకి లేచింది.

"ఢిల్లీల గూడ గిట్లనే అయితదా మేడం?"

"నాకు తెల్వదు బిడ్డా. సోమవారం ఇద్దరం పటం ముంగటేసుకొని చూద్దం."

గేటు దాటామో లేదో వాన అందుకుంది. ఇద్దరం ఒకే గొడుగు కింద దుకాణం దాకా నడిచాం. దారంతా అది ప్రశ్నలు వేస్తూనే ఉంది. ఒక్కదానికీ నాకు జవాబు తెలియదు. అయినా ఆ మధ్యాహ్నం నాంపల్లి రోడ్డు మీద నాకంటే గొప్ప తల్లి ఎవరూ లేరనిపించింది.