రాజమల్లు కేసు షీటు

కిర్గిజ్‌స్తాన్‌లో వైద్యం చదువుతున్న నేను, కరోనా రెండో ఏడు క్లినికల్ శిక్షణ కోసం సూరత్‌లోని ఒక ఆసుపత్రికి వెళ్లాను. తరగతులు సరిగా జరగని ఆ కాలంలో లైబ్రరీ పుస్తకాలతో సగం చదువు నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

తెలంగాణ నుంచి వలస వచ్చి సూరత్ శివారు జోల్వా మరమగ్గాల్లో పనిచేసే రాజమల్లు మా వార్డులో ఆక్సిజన్ మీద ఉండేవాడు. నేను మొదటిసారి పలకరించిన రోజు పేరు అడిగితే చెప్పలేదు. ఆయాసం ఉందా అని తెలుగులో అడిగినా నా కళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆక్సిజన్ తగ్గితే మనిషి అయోమయంలో పడతాడని చదివాను కదా. డ్యూటీ చివర్లో, ఒళ్లు తూలుతుండగా, కేసు షీటులో "అయోమయం" అని రాశాను. అది చూస్తే పెద్ద డాక్టరు ఆయన్ను ఐసీయూకి పంపుతారు.

పక్క మంచం మీదున్న తోటి కార్మికుడు నవ్వాడు.

"మగ్గాల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయినయ్ డాక్టరమ్మా. కార్ఖానల మేం మూతులు చూసే మాట్లాడుకుంటం. నువ్వేమో మూతికి గుడ్డ కట్టుకొని ముచ్చట పెడుతున్నవ్."

బయటికి వెళ్లి రక్షణ దుస్తులు విప్పేశాను. గాజు తలుపు అవతల నిలబడి, మాస్కు కిందికి లాగి, ఊపిరి ఎలా ఉందని నెమ్మదిగా అడిగాను.

రాజమల్లు తలుపు దాటి వినబడేంత గట్టిగా చెప్పాడు. "నిన్నటికన్న నయమే బిడ్డా. నువ్వు ముందుగాల ఏమన్న తిను, మొకం పీక్కపోయింది."

పెద్ద డాక్టరు రాకముందే కేసు షీటులో ఆ మాట కొట్టేశాను. కింద "వినబడదు, పెదాలు చూపించి మాట్లాడాలి" అని రాసి, క్యాంటీన్ వైపు నడిచాను.