గన్నవరం వాళ్ళ చిలకలు

మంగళగిరిలో వెంకటరావమ్మ సూది గురించి చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు. మిగతా సగం ఆవిడే చెప్పింది. ఆవిడ పిలిస్తే దారం తనంతట తానే లేచి సూదిలో దూరుతుందంటారు. ఆవిడ కుట్టిన గుడ్డ చిలకని ఉయ్యాలకి కడితే నిజం చిలకలొచ్చి జామకాయ పెట్టి పలకరించి పోయాయంటారు. ప్రకాశం బ్యారేజీ గేట్లకి కాజాలు కుట్టమన్నా రెండు పూటల్లో కుట్టిపారేసి, మూడో పూట గుండీలు లేవని గవర్నమెంటుని తిడుతుందంటారు. నమ్మినవాళ్ళు నమ్మండి. ఒక్కటి మాత్రం ఎవరూ కాదనలేనిది. చుట్టుపక్కల ఏ ఇంట బారసాల జరిగినా ఉయ్యాలకి వేలాడే చిలకలు, పూల గొలుసులు, పైన కట్టే తోరణం ఆవిడ చేతివే.

భర్త అంకమ్మరావు మగ్గం మీద చీరలు నేస్తాడు. పాడైన చీరల అంచు ముక్కలన్నీ ఆవిడ రేకు డబ్బాలోకి పోతాయి. "మీ అమ్మకి గుడ్డ కరువైతే నన్నే కత్తిరించి దూది కూరుతుందే," అనేవాడు కూతురితో.

ఆ కూతురు నాగదుర్గ. ఒక్కతే. బెజవాడలో బట్టల షాపులో పనిచేసే గోపీనాథ్‌కిచ్చి ఏడేళ్ళయింది. మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. రెండోది నెలలు నిండి పుట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఉండి వెళ్ళిపోయింది.

వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. బిడ్డ నేల మీద పడకముందు ఆ ఇంటివాళ్ళు కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టకూడదు. పుట్టిన బిడ్డనైనా ముందు తాతగారి పాత పంచెలోనే చుడతారు. బయటివాళ్ళు కూలికి కుట్టి పెడితే దోషం లేదు. ఇంటివాళ్ళు కుడితేనే తప్పు. రెండోసారి కూతురి కడుపు నిలబడిన సంబరంలో వెంకటరావమ్మ ఇదంతా కొట్టిపారేసి, ఐదో నెలలోనే పన్నెండు చిలకలు కుట్టి వీధంతా తిప్పి చూపించుకుంది. బిడ్డ పోయాక వీధి ఒక్క మాటే అంది: "ముందే కుట్టిందిగా." ఆ పన్నెండూ ఆవిడే పొయ్యిలో పెట్టింది.

ఇప్పుడు మూడోసారి. ఏడో నెలలో పురిటికని పుట్టింటికి తీసుకొచ్చారు. బెజవాడ డాక్టరమ్మ స్కానింగ్ చూసి ఉమ్మనీరు తక్కువుందంది. బిడ్డ ఎదగాల్సినంత ఎదగడం లేదంది. వారం వారం రమ్మంది. ఆ మాటలు అన్న తీరులోనే వెంకటరావమ్మకి సంగతి అర్థమైంది. పైకి మాత్రం, "మా అత్త ఎనిమిదిమందిని కంది, ఒక్కడూ పిడికిలికి మించి లేడు, ఇప్పుడు చూడు ఒక్కోడూ ఒక్కో ఎడ్లబండి," అని బస్సులో దారి పొడుగునా చెప్పుకొచ్చింది.

ఆ సాయంత్రం నాగదుర్గ గడప మీద కూర్చుని అడిగింది.

"అమ్మా, చిలకలు కుడతావా?"

"ఎవరికే?"

"ఎవరికేంటి? నాకే."

"నోర్ముయ్. ఆ మాటే ఎత్తకు."

"ఊళ్ళో అందరి పిల్లలకీ కుడతావు. వాళ్ళందరూ వస్తారని నీకు నమ్మకం. నా పిల్లే రాదని తేల్చేసుకున్నావు. అంతేగా?"

వెంకటరావమ్మ చాటలో బియ్యం తీసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. కుడితే బిడ్డకి కీడు. కుట్టకపోతే కూతురి గుండెకి కీడు. బియ్యంలో ఒక్క రాయీ లేదు. అయినా చీకటిపడేదాకా ఏరుతూనే ఉంది.

మర్నాడు బజారు నుంచి వస్తూనే, వీధికంతా వినపడేట్టు అరిచింది. "బేరం వచ్చిందే దుర్గా! గన్నవరం నుంచి! ఉష గారంట!"

"ఎవరావిడ?"

"చేపల చెరువుల వాళ్ళు. ఎయిర్‌పోర్టు వెనకే మేడ. ఆ మేడ ఎంతంటే, విమానాలు వాళ్ళ డాబానే రన్‌వే అనుకుని రెండుసార్లు దిగబోయాయంట. ఇరవై నాలుగు చిలకలు కావాలంది."

"ఎన్నో నెలంట?"

"ఏడో నెల."

"నాకూ ఏడేగా."

"లోకంలో ఏడో నెల నీ ఒక్కదానికేనా?"

నాగదుర్గ తల్లి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత లేచి వెళ్ళి రేకు డబ్బా తెచ్చింది. "అయితే దూది నేను కూరతాను. ఆవిడకి ఏ రంగిష్టం?"

"నీకేదిష్టం?"

"నీలం."

"ఆవిడకీ నీలమేనంట."

అలా మొదలైంది. వెంకటరావమ్మ కత్తిరించేది, కుట్టేది. కూతురు దూది కూరి ఎర్ర గుడ్డతో ముక్కులు పెట్టేది. ప్రతి చిలక మొదలుపెట్టే ముందూ వెంకటరావమ్మ గుడ్డని పైకెత్తి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు, "ఇది గన్నవరం వాళ్ళది," అనేది. ఎవరికి చెబుతోందో ఇంట్లో అందరికీ తెలుసు. మగ్గం గుంటలోంచి అంకమ్మరావు కూడా, "అవునవును, గన్నవరం వాళ్ళదే," అని సాక్ష్యం పలికేవాడు.

గన్నవరం కథ రోజురోజుకీ పెరిగింది. ఉష గారి మామగారికి చెరువులు ఎన్నున్నాయో ఆయనకే తెలియదు, పొద్దున్నే చేపలే వచ్చి లెక్క అప్పజెబుతాయి. ఉయ్యాల ఊపడానికి ఒక మనిషి, ఆ మనిషి ఊపుతున్నాడో లేదో చూడటానికి ఇంకో మనిషి. ఆసుపత్రి నుంచి వచ్చిన ప్రతిసారీ నాగదుర్గ మంచం మీద వాలి అడిగేది.

"ఉషకి స్కానింగ్‌లో ఏమన్నారంట?"

"బిడ్డ ఎంత పెద్దదంటే మెషీన్లో సగమే పట్టిందంట. మిగతా సగానికి మంగళవారం రమ్మన్నారంట."

నాగదుర్గ నవ్వేది. పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ నవ్వు కోసం వెంకటరావమ్మ రేపటికేం చెప్పాలా అని వెతుక్కునేది. కానీ పొట్ట మీద చెయ్యి వేసినప్పుడల్లా ఆ చేతికి తెలుస్తూనే ఉంది. వారం కిందటికీ ఇప్పటికీ తేడా లేదు.

పందొమ్మిదో చిలక దగ్గర కూతురు దూది పక్కన పెట్టింది.

"అమ్మా, నిన్నట్నుంచి కదల్లేదే."

ఆసుపత్రిలో వాళ్ళు చేయగలిగిందేమీ లేకపోయింది. ఆడపిల్ల. ఏడవలేదు. ఉతికి మడతపెట్టి ఉంచిన అంకమ్మరావు పంచెలోనే చుట్టారు. గోపీనాథ్ తీసుకెళ్ళాడు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు నాగదుర్గ గోడవైపు తిరిగి పడుకునే అంది.

"ఉషకి నెలలు నిండొస్తున్నాయిగా. ఆ చిలకలు ఇచ్చేసి రా అమ్మా."

వెంకటరావమ్మకి ఆ మాట అర్థమైంది. అవి ఇంట్లో ఉండకూడదు. ఈసారి పొయ్యిలో పెట్టడానికి చేతులు రాలేదు. సంచీలో వేసుకుని, బెజవాడలో బస్సు మారి, నిజంగానే గన్నవరంలో దిగింది. దిగాక ఎటు నడవాలో తెలియలేదు. ఆటో అతను ముందుకొచ్చాడు. పేరు మరియదాసు, ఆటో వెనకే రాసుంది.

"ఎక్కడికి పిన్నిగారూ?"

నెలన్నర అలవాటు. నోరే చెప్పేసింది. "ఉష గారింటికి. ఎయిర్‌పోర్టు వెనక. చేపల చెరువుల వాళ్ళు. కడుపుతో ఉంది."

మరియదాసు మంచివాడు. ఆవిడ ఖర్మకి మరీ మంచివాడు. "దొరక్కపోవడమేంటండీ, కూర్చోండి," అని టీ కొట్లో అడిగాడు, కిరాణా కొట్లో అడిగాడు, సైకిల్ మీద పోతున్న పోస్ట్‌మేన్‌ని ఆపి అడిగాడు. ఊళ్ళో సగంమంది లేని మనిషిని వెతికిపెట్టే పనిలో పడ్డారు. మూడో వీధిలో ఆటో ఆపాడు.

"ఇక్కడొకమ్మాయి కడుపుతో ఉందన్నారు. ఏవండీ! మంగళగిరి నుంచి ఉయ్యాల సామాను తెచ్చారు. ఉష గారు మీరేనా?"

మెట్ల మీద ఒక పిల్ల ఉప్పూ కారం అద్దుకుని మామిడికాయ ముక్కలు తింటోంది. ఇరవై ఏళ్ళుంటాయి. పొట్ట నిండుగా ఉంది. "నేను కాదండీ," అని నవ్వింది. "అయినా చూపించండి. బాగుంటే మాకూ కావాలి." నడుం మీద చెయ్యి వేసుకుని లేచి మెట్లు దిగసాగింది.

వెంకటరావమ్మ సంచీ మూతి రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"వద్దమ్మా! అక్కడే ఉండు. దగ్గరికి రాకు తల్లీ. ఇవి నీకొద్దు."

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. చెయ్యి పొట్ట మీదికి పోయింది.

"పోనియ్యి బాబూ. తొందరగా పోనియ్యి."

మరియదాసు అద్దంలోంచి ఒకసారి చూశాడు. తర్వాత ఆటోని బస్టాండువైపు తిప్పాడు.

ఇంటికొచ్చేసరికి నాగదుర్గ మంచం మీద లేచి కూర్చుని ఉంది. ముందు సంచీ చూసింది.

"ఇవ్వలేదా?"

"ఇల్లు దొరకలేదే."

"అంత పెద్ద మేడా?"

వెంకటరావమ్మ నోరు తెరిచింది. మేడ అమ్మేశారని చెప్పొచ్చు. విమానం ఎక్కి వెళ్ళిపోయారని చెప్పొచ్చు. ఏదీ రాలేదు.

"ఉష అనే మనిషి లేదే దుర్గా."

"నాకు తెలీదా? బేరం వచ్చిందన్న రోజే తెలుసు." "అయినా పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆవిడ పేరు కూడా చెప్పేదాన్ని. నా కీడంతా ఆవిడ మీదికి తోస్తున్నాం కదా. పాపం, ఆవిడ పిల్ల బాగుండాలని."

వెంకటరావమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. కూతురి భుజం మీద చెయ్యి వేయబోయి ఆగింది. నాగదుర్గ జాకెట్టు ముందువైపు తడిగా ఉంది.

"పొద్దుట్నుంచీ వస్తున్నాయమ్మా పాలు," అంది నాగదుర్గ. "బరువుగా ఉంది. నొప్పిగా ఉంది."

మల్లెపూలు గుండెలకి కట్టుకుంటే పాలు ఇంకిపోతాయని అమ్మమ్మల నాటి మాట. వెంకటరావమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివర తెరేసమ్మ పూల బుట్ట దగ్గరికి వెళ్ళింది. వేసవి కాబట్టి బుట్ట నిండా మల్లెలు.

"ఎన్ని మూరలు వదినా?"

"మూరలొద్దు. విడిపూలియ్యి. అరకిలో."

"అబ్బో, అరకిలో! ఎవరింట్లో పెళ్ళేంటి..."

తెరేసమ్మ తలెత్తి ముఖం చూసింది. తూకం రాయి పక్కన పెట్టేసి, రెండు చేతులతో పూలు తోడి ఆవిడ కొంగులో పోయసాగింది.

"అరకిలో ఏం చాలతాయి," అంది మెల్లగా. "పూట పూటకీ మార్చాలిగా. రేపట్నుంచి నేనే తెచ్చిస్తాలే. నువ్వు రాకు వదినా."