ఏరియేటర్లు ఆగిన చోట

నేను చేసే సంగీతంలో వీణ ఉండదు, గొంతు ఉండదు. తడి వల దులిపిన చప్పుడు, మరపడవ దగ్గు, చాటలో బియ్యం చెరిగిన సవ్వడి లాంటివి రికార్డు చేసి, కంప్యూటర్లో కోసి, అతికించి, సాగదీసి ఒక పాటగా కడతాను. ఇది సంగీతమేనని మా వాళ్ళను ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

మొన్న వేసవిలో గూడూరులో రైలు దిగి, తీరంలో ఉన్న అక్క వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆటు వేళ, నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, కాలువ బురదలో సన్నగా బుడగలు పగులుతాయి. నాకు ఆ చప్పుడు కావాలి. దొరికితేగా! మైకు ఎటు తిప్పినా ఏరియేటర్లే. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికి గాలి అందించే ఆ చక్రాలు పగలూ రాత్రీ గరగరమంటూనే ఉంటాయి.

"కాసేపు ఆపించు బావా" అన్నాను.

బావ నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఆపితే రొయ్య చస్తుంది మే."

పోయినేడు కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, వాళ్ళ గుంటలో రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి. ఈ పంటా పోతే గుంట వదులుకోవాల్సిందేనని అక్క వచ్చిన రోజే చెప్పింది. విన్నాను, జాలిపడ్డాను, మళ్ళీ మైకు పట్టుకుని విసుక్కున్నాను.

చివరికి కసి కొద్దీ ఆ గరగరతోనే పాట మొదలుపెట్టాను. పెంచి పెంచి, ఇక భరించలేం అనిపించినప్పుడు టక్కున తెంచేశాను. తర్వాత నిశ్శబ్దం. అందులోంచి మెల్లగా బుడగలు. బురదలో దొరకలేదు గనక వాటిని అక్క పొయ్యి మీద ఉడికే సంగటి గిన్నెలో పట్టుకున్నాను. ఆ నిశ్శబ్దమంటే నాకు ప్రాణం.

మధ్యాహ్నం ఇద్దర్నీ కూర్చోబెట్టాను. బయటి రొద రాకుండా తలుపులూ కిటికీలూ బిగించి, ఫ్యాను కూడా ఆపాను.

"మమ్మల్ని ఉడకబెడతుండావా?" అన్నాడు బావ. గరగర మొదలైంది. "రోజూ వినేదే గదా" అని అక్క చింతపండు గింజలు తీస్తూ ఆవలించింది. చప్పుడు పెరిగింది. తెగింది.

చింతపండు చాట ఎగిరిపడింది. "జనరేటరు!" అని అరుస్తూ బావ తలుపు లాగి, చెప్పుల్లేకుండా ఎండలో గట్టువైపు పరుగెత్తాడు. వెనకే అక్క. "అది పాటలోది!" అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఖాళీ ఇంట్లో నా బుడగలు వాటి పాటికి అవి పగిలాయి.

వెళ్ళి చూస్తే చక్రాలు నిక్షేపంగా తిరుగుతున్నాయి. అక్క గట్టు మీద కూలబడి ఏడుస్తోంది. నాకు సిగ్గేసింది, అంతకు మించి ఒళ్ళు మండింది.

"ఆ ఆగిపోయే చోటు తీసెయ్ మే" అన్నది.

"అసలు పాటే అది అక్కా!"

అక్క తన పక్కన గట్టు మీద చేత్తో తట్టింది. "అయితే ఈడ పెట్టు. వింటా."

స్పీకరు గట్టు మీదికి మోసుకొచ్చాను. గరగర పెరిగింది, తెగింది. నా నిశ్శబ్దం వచ్చింది గానీ వినపడితే కదా! గుంటలోని ఏరియేటర్లు దాన్ని ఇంత కూడా మిగల్చకుండా మింగేశాయి. బుడగ ఒక్కటీ తెలియలేదు. నేను పళ్ళు నూరుకుంటుంటే అక్క కళ్ళు తుడుచుకుని, తిరిగే చక్రాల మీంచి చూపు తిప్పకుండా చివరిదాకా విన్నది.

"ఇప్పుడు బాగుండాది" అన్నది.