పట్టాభిషేకం మరునాడు

శ్రీకాళహస్తి కుప్పుస్వామి వేసిన రామాయణం గుడ్డలు ఎన్ని ఊళ్ళ గోడల మీద వేలాడుతున్నాయో ఆయనకే తెలియదు. ముప్పై ఏళ్ళు అవే వేశాడు. కలంకారీ గుడ్డ సంగతి మీకు తెలిసిందే. నడిమధ్య పెద్ద గడిలో శ్రీరామ పట్టాభిషేకం, చుట్టూ చిన్న గడుల్లో వరసగా కథంతా, ఒక్కో గడి కింద తెలుగులో ఒక ముక్క రాత. నేను చెప్పబోయేది ఆ గుడ్డల గురించి కాదు, పట్టాభిషేకం లేకుండా ఆయన వేసిన ఒకే ఒక్క గుడ్డ గురించి. ఆ గుడ్డ పుట్టడానికి నా అజ్ఞానం కూడా కొంత సాయపడింది.

1978లో నేను అక్కడి గ్రంథాలయంలో పనిచేసేవాణ్ణి. నవంబరులో వారోత్సవాలు పెట్టాం. ఉపన్యసించవలసిన పెద్దమనిషి బస్సు తప్పిపోయి రాలేదు. "మీరే ఏదో ఒకటి చెప్పండి సార్" అన్నారు జనం. ఎక్కడా లేని మంచి దేశాలను ఊహించి కథలు రాసినవాళ్ళ గురించిన పుస్తకం ఒకటి అప్పుడే తిరగేసి ఉన్నాను. తిరగేసింది ముందుమాట వరకే. ఆ సంగతి సభలో చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

గ్రీకు తత్వవేత్త ఒకాయన తన ఆదర్శ నగరంలోంచి కవులను సాగనంపాడని చెప్పాను. ఇంగ్లీషు పండితుడొకాయన ఊహించిన ద్వీపంలో బంగారంతో ఉచ్చ పోసుకునే పాత్రలు చేసుకుంటారని చెప్పాను. వంగదేశపు ముస్లిం మహిళ ఒకామె రాసిన కథలో ఆడవాళ్ళు రాజ్యమేలుతుంటే మగవాళ్ళు గడప దాటకుండా వంట చేస్తుంటారని చెప్పాను. ఈ చివరిదానికి మాత్రం వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. కొట్టింది గురవమ్మ. కలంకారీ గుడ్డలను స్వర్ణముఖి ఏట్లో ఉతికి ఆరేసే మనిషి. కుప్పుస్వామి దగ్గర గుడ్డల మూట తీసుకుపోదామని వచ్చి, ఆయన సభలో ఉన్నాడని తానూ కూర్చుంది.

కుప్పుస్వామి లేచాడు. "సార్, ఆ గ్రీకాయన కవులను తరిమినాడు సరే. బొమ్మలేసేవాళ్ళను ఉండనిచ్చినాడా?"

నాకేం తెలుసు? "ఉండనిచ్చాడు" అన్నాను ధైర్యంగా. చిత్రకారుల మీద కూడా ఆయనకు మంచి అభిప్రాయం లేదని తర్వాతెప్పుడో చదివాను. అప్పటికి గుడ్డ మొదలైపోయింది.

మరునాడు పొద్దున్నే కుప్పుస్వామి గ్రంథాలయం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ముప్పై ఏండ్లుగా రామున్ని గద్దె మీద కూసోబెట్టి చేతులు కడుక్కుంటా ఉండా సార్. మర్నాడు తెల్లారినాక ఆ ఊరు ఎట్లుండాదో ఎవురూ వెయ్యలా. నేను యేస్తా."

చైత్రంలో తిరుపతిలో చేతిపనుల ప్రదర్శన ఉంది. దానికి పంపాలని పంతం. ఇన్నేళ్ళలో ఇది నా కథ అని చెప్పుకోడానికి ఆయనకు ఒక్క గుడ్డ లేదు. అన్నీ తాత వేసిన గీతల మీద గీసినవే. ఒక్కసారి సొంత కథ గోడకెక్కాలి, అంతే ఆయన కోరిక.

తోటి పనివాడు పరంధామయ్య నవ్వాడు. "దేముడు లేని గుడ్డను ఎవురింట్లో యాలాడేస్తారప్పా? తుడుసుకోడానికి కూడా పనికిరాదే!"

నాలుగు నెలలు వేశాడు. నేను రోజూ సాయంత్రం వెళ్ళి చూసేవాణ్ణి. ఆ ఊళ్ళో ఇళ్ళకు తాళాలు లేవు. పేరుకు అయోధ్యే అయినా పక్కన పారేది మా స్వర్ణముఖి, అందులో ఏడాది పొడుగునా నీళ్ళు. ఇది చూసే శ్రీకాళహస్తివాళ్ళు ఇదంతా కల్పన అని గ్రహిస్తారు. నడిమధ్య గడిలో గద్దె ఖాళీగా ఉంది, దాని మీద ఒక పిల్లి పడుకుని ఉంది. నన్ను కూడా వేశాడు. చేతిలో పుస్తకం, అదీ మొదటి పేజీ దగ్గరే తెరిచి ఉంది. ఆయన కనిపెట్టేశాడన్నమాట! సిగ్గుపడి, ఆ రాత్రే పుస్తకం చివరిదాకా చదవడం మొదలుపెట్టాను.

ఎరుపు రావలసిన చోటల్లా పటిక నీళ్ళు పూస్తారు. పటిక పూసిన చోటు కంటికి కనబడదు. గుడ్డను పారే నీళ్ళలో జాడించి ఎక్కువైన పటికను వదిలించాక, వేర్ల రంగులో ఉడకబెడితే, పటిక ఉన్నచోటే ఎరుపెక్కుతుంది. కనబడటానికి కొందరు పటికలో కొంచెం రంగు కలుపుకుంటారు. కుప్పుస్వామి కలపడు. "నా చేతికి తెలుసు" అంటాడు.

గుడ్డను ఏటికి తీసుకుపోయాడు. గురవమ్మ దాన్ని ఇసుక మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క గడీ చూసింది. ఎంతసేపు చూసిందంటే కుప్పుస్వామి పొగడ్త కోసం గొంతు సవరించుకున్నాడు.

"కుప్పన్నా, శానా బాగుండాది ఊరు. అందురూ తెల్లగుడ్డలు కట్టుకోని ఉండారే, అవి ఎవురు ఉతుకుతారు?"

"ఎవురి గుడ్డలు వాళ్ళే."

"ఏటికాడ ఒక్క మడిసి కూడా లేడే?"

"యేసేటప్పుడు తోచలేదు గురవమ్మా."

"ముప్పై ఏండ్లు మీ గుడ్డలు ఉతికినా. ఒక్క గడిలోనైనా నేను లేకపోతినే!" ఆమె లేచి చీర దులుపుకుంది. "సరేలే. ఎవురి గుడ్డ వాళ్ళే గదా. ఇదీ మీరే ఉతుక్కోండి."

నిజంగానే వెళ్ళిపోయింది.

కుప్పుస్వామికి రోషం వచ్చింది. ఉతకడం ఏమంత విద్య అనుకున్నాడు. పారే పాయ దూరంగా ఉంది. దగ్గర్లో ఇసుకలో నిలిచిన మడుగు కనబడింది. ఆ పొద్దున్నే అక్కడక్కడా మిగిలిన చోట్ల పటిక పూసి, చేతులు కడుక్కోకుండా వచ్చాడు. ఆ చేతులతోనే గుడ్డను అటూ ఇటూ పట్టుకుని జాడించాడు. ముంచాడు, పిండాడు. గుడ్డ తెల్లగానే కనబడింది. "చూసినావా గురవమ్మా" అని గాలితో చెప్పుకున్నాడు.

మరునాడు ఉడకబెట్టాడు. కాగులోంచి గుడ్డ తీసేసరికి నేనూ, పరంధామయ్యా అక్కడే ఉన్నాం. మడుగు నీళ్ళలో వదలని పటిక పరుచుకుని ఊరంతా లేత ఎరుపు తేలింది. దాని మీద, ఏటి గట్టు పొడుగునా, ఎర్రగా చేతులు. పది వేళ్ళూ విప్పుకుని, ఒకదాని పక్కన ఒకటి, తొమ్మిది జతలు. అన్నీ కుప్పుస్వామివే.

పరంధామయ్య నవ్వుదామని నోరు తెరిచి, ఆయన ముఖం చూసి మూసుకున్నాడు. ప్రదర్శనకు పన్నెండు రోజులే ఉన్నాయి. మళ్ళీ వేయడానికి వ్యవధి లేదు.

కుప్పుస్వామి గుడ్డను భుజాన వేసుకుని నేరుగా గురవమ్మ ఇంటికి పోయాడు. ఆమె చూసింది. నవ్వు ఆపుకోడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నా, ఉతికేవాళ్ళు వచ్చేసినారే మీ ఊర్లోకి!"

"చేతులే వచ్చినాయి. మడుసులు రావాల" అన్నాడు కుప్పుస్వామి. "ఉతికేదెట్లనో సూపించు గురవమ్మా. చూస్తే గదా వేసేది!"

మూడు రోజులు ఏటికి పోయాడు. గుడ్డ కొస ఎక్కడ పట్టాలో, నీటి వాలుకు ఎట్లా వదలాలో, నడుం ఎక్కడ వంచాలో ఆమె తిట్లు తింటూ నేర్చుకున్నాడు. తర్వాత నల్లగీత పట్టడానికి గుడ్డను మళ్ళీ కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి, ఆ ఎర్రటి చేతులకు నల్లగీతలతో ఒళ్ళు కట్టాడు. తొమ్మిది మంది ఏటి గట్టున గుడ్డలు ఉతుకుతున్నారు. అందులో పరంధామయ్య ఉన్నాడు. నేనూ ఉన్నాను, గుడ్డను తలకిందులుగా పట్టుకుని. అందరికంటే ముందు వంగి ఉన్నవాడి కిరీటం పక్కన బండ మీద ఉంది. గట్టున గురవమ్మ, తమలపాకు నములుతూ, వేలు చూపిస్తూ కూర్చుని ఉంది. ఆమె మాత్రం ఉతకడం లేదు. ఈసారి గుడ్డను గురవమ్మ ఒక కొసా, కుప్పుస్వామి ఒక కొసా పట్టుకుని పారే నీళ్ళలో జాడించారు.

తిరుపతిలో ఆ గుడ్డను వాకిలికి ఎదురుగా వేలాడదీశారు. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "ఈ చేతుల రంగు చాలా సహజంగా వచ్చిందే, ఎలా వేశావయ్యా?" అన్నాడు.

కళ, సాధన అంటూ ఏదైనా చెప్పేసి ఉండవచ్చు. నేనైతే చెప్పేవాణ్ణే. కుప్పుస్వామి చేతులు కట్టుకుని అన్నాడు: "వెయ్యలేదు సార్. ఉతకడం చేతగాక పడినాయి. ఇప్పుడు చేతనవుతాది."

ప్రదర్శనలో రెండో బహుమతి ఇచ్చారు. మొదటిది ఎవరికిచ్చారో మాకెవరికీ గుర్తులేదు. నాకు గుర్తున్నది గురవమ్మ. ఆమెను కూడా బస్సులో తీసుకుపోయాం. ఆ గుడ్డ ముందు కదలకుండా నిలబడి, వచ్చినవాళ్ళందరినీ ఆపి చూపించింది.

"ఆ కూసోని ఉండేది నేనే. ఆ కిరీటమాయన ఉండాడే, ఇంకా నడుం సరిగ్గా వంచలేదు. నేర్పిస్తా ఉండా."