ఖాళీ జాడీ రామబ్రహ్మం

రామబ్రహ్మం గారికి ‘అయిపోయింది’ అన్న మాట గిట్టదు. నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తున కూర్చుని, ముసలి చమురు క్షేత్రాల్లో ఇంకా ఎంత మిగిలిందో లెక్కగట్టడం ఆయన ఉద్యోగం. ఆరింటికి ఉద్యోగం ముగుస్తుంది గానీ గుణం ముగియదు. ఇంట్లో పేస్టు ట్యూబును నిలువునా కోస్తారు. లిఫ్టు నిండిందంటే నమ్మరు.

ప్యాంట్రీ చూసే పోచమ్మ ఖాళీ ఆవకాయ జాడీ కడగబోతే అడ్డుపడి, అందులో వేడి అన్నం వేసి కలిపేవారు. మెడ కింద దాక్కున్న నూనె ఎర్రగా బయటికొచ్చేది. జాడీ తీరు తెలియకుండా కలిపితే చెయ్యి కాలడం తప్ప లాభం లేదని బోధించేవారు.

“గీ సారు తిన్నంక జాడీకి సబ్బు దండగ,” అనేది పోచమ్మ.

పక్క సీట్లో రేణుకకు నవ్వే తీరిక లేదు. పిల్లల కోసం ఆరేళ్ళు ఇంట్లో ఉండి మళ్ళీ ఉద్యోగంలో చేరింది. శుక్రవారంతో ప్రొబేషన్ ముగుస్తుంది. ఆమెకిచ్చిన పాత క్షేత్రంలో ఒక బావిలోకి నీళ్ళు పంపితే, అవి చమురును పక్క బావిలోకి తోయాలి. ఆమె కంప్యూటర్లో వేసిన లెక్కలో చమురు ధారగా వస్తోంది. నిజం బావిలో నీళ్ళే వస్తున్నాయి. ఆవిడ పని అయిపోయినట్టేనన్నాడు మేనేజరు ఉదయ్ భాస్కర్. రామబ్రహ్మం గారు మొహం చిట్లించారు.

మర్నాటి నుంచి ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. ఆ క్షేత్రం లోతుల్లోంచి తీసిన రాతి ముక్కను తెచ్చి రేణుక బల్ల మీద పెట్టారు. ఆమె దాన్ని అవతలికి నెట్టేది. పొద్దున వచ్చేసరికి మళ్ళీ ఎదురుగా, ఇంకోవైపు తిరిగి ఉండేది.

“జర మీ రాయి తీస్కపోండి సార్. నేనే పరేషాన్ల ఉన్న.”

“ఉండనివ్వమ్మా. దానికి కిటికీ గాలి పడదు.”

గురువారం రాజీనామా రాయబోతూ కళ్ళెత్తితే రాయే కనిపించింది. నడుమ ముతక ఇసుక చార ఉంది. పైనా కిందా బిగుతైన రాయి. తను మాత్రం అంతా ఒకే రాయి అనుకుని లెక్కవేసింది. నీళ్ళు చారలోంచి హాయిగా పోతున్నాయి, చమురు పైనా కిందా అలాగే కూర్చుంది. ముందు చారను జిగురు మందుతో మూయాలి, ఆ తర్వాతే నీళ్ళు పంపాలి. సాయంత్రానికి లెక్క బావితో కలిసింది. శుక్రవారం ఉద్యోగం ఖాయమైంది.

“మీకు ముందే తెల్సు గదా సార్. ఒక్క మాట చెప్పకపోతిరి?”

“చెబితే అది నా లెక్క అయ్యేదమ్మా. మీలో ఇంకా ఉందని తెలుసు. ఏ వైపు నుంచి తోయాలో తెలియకే మూడు రోజులు రాయి తిప్పాను.”

సోమవారం రేణుక ఆయనకు కానుక తెచ్చింది. అది వాళ్ళింట్లో ఖాళీ అయిన ఆవకాయ జాడీ. ఆయన ఒక కన్ను మూసి లోపలికి తొంగిచూశారు.

“చాలా ఉందమ్మా,” అన్నారు, మొహం వెలిగిపోతుండగా.