అక్క చూడని ఎత్తిపోతల

ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఏళ్ళయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మా ఆయనకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. మీరు నాకేమీ కారు కాబట్టి మీకు చెబుతున్నాను.

డెబ్బైల్లో నేను వత్సవాయిలో ఒక రైతు ఇంటికి చిన్నకోడలిగా వచ్చాను. పెద్దకోడల్ని అక్కా అని పిలిచేదాన్ని. తోటికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, ఆమె నన్ను చెల్లెల్లాగే చూసుకుంది. ఆమెకున్న కోరిక ఒక్కటే. మిరప కోతలకు మాచర్ల వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఎత్తిపోతల గురించి చెప్పేవారట. కొండ మీంచి ఏరంతా లోయలోకి దూకుతుందని, కింద మడుగులో మొసళ్ళుంటాయని, ఎదురుగా అంచున నిలబడితే తుంపర మొహాన పడుతుందని. జగ్గయ్యపేట దాటి ఎరగని మనిషి, పొయ్యి ముందు కూర్చుని ఇవన్నీ తానే చూసొచ్చినట్టు నాకు చెప్పేది.

ఒక కార్తీకంలో మావాళ్ళు సాగర్ డ్యామూ, ఎత్తిపోతలా చూడటానికి బంధువులతో కలిసి లారీ మాట్లాడారు. ఒక రాత్రి అక్కడే ఉండి రావాలి. మా పాడిగేదె అక్క చేతికి మరిగింది. ఆమె కూర్చుంటే తప్ప చేపదు, పొదుగులోకి పాలు దించదు. అందుకని అక్క ఉండిపోవాలని అత్తయ్య తేల్చేసింది.

ఆ సాయంత్రం అక్క తన పాత చీర తెచ్చి నా చేతిలో పెట్టింది. అలవాటైన చీర వాసనకు గేదె మోసపోతుందని మా వైపు అందరికీ తెలుసు.

"రేపు ఇది కట్టుకుని కూర్చో చెల్లీ. నీకు చేపిందంటే ఈసారికి నువ్వుండు, నేనెళ్ళొస్తా. నీకింకా చాలా కాలం ఉందిగా."

సరేనన్నాను. తెల్లవారాక ఆ చీర కట్టుకుని, దూడను కాసేపు వదిలి, మళ్ళీ కట్టేసి కూర్చున్నాను. గేదె తల కూడా తిప్పలేదు. పొదుగు నిమిరానో లేదో, చేపేసింది. తపేలాలో పాలధార చప్పుడైంది. ఇక నేనే ఉండిపోవాలి. పెళ్ళయ్యాక ఆయనతో అది మొదటి ప్రయాణం. అదేనా కారణం? లేక అక్క మొహంలో అంత ఆశ చూసి ఓర్వలేకపోయానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బొటనవేలి గోరు చన్నులో దిగేదాకా నొక్కాను. గేదె తన్నింది. తపేలా ఎగిరిపడింది, పాలు పేడలో కలిశాయి. ఆ తర్వాత అది నన్ను దగ్గరికే రానివ్వలేదు.

అక్క పరుగెత్తుకొచ్చి ముందు నా కాలూ చెయ్యీ తడిమి చూసింది. తర్వాత గేదెను. తపేలా కడుక్కొచ్చి తానే పాలకు కూర్చుంది.

ఎత్తిపోతల దగ్గర ఏడ్చానని రాస్తే మీకు నా మీద జాలి కలుగుతుందేమో. ఏడవలేదు. సంతోషించాను. ఆ హోరులో నాకు అక్క గుర్తు కూడా రాలేదు.

తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మంలో ఎదురుచూస్తోంది.

"ఎట్టా ఉందే?"

అప్పుడేసింది సిగ్గు. ఉన్నదున్నట్టు చెబితే పుండు మీద కారం చల్లినట్టే అనుకున్నాను.

"ఏముందక్కా, రాళ్ళ మీంచి కాసిని నీళ్ళు పడతయ్. అంత దూరం ఎందుకెళ్ళామా అనిపించింది."

"అంతేనా" అంది. నా చేతిలో సంచీ అందుకుని, "పోన్లే" అంది.

ఆ తర్వాత పొయ్యి ముందు ఆమె ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ప్రయాణంతో పాటు ఆమె కోరికను కూడా లాక్కున్నానని నాకప్పుడు తెలియలేదు.

ఎనభైల్లో అన్నదమ్ములు వేరుపడ్డారు. బావగారు నందిగామలో కాపురం పెట్టారు. అక్కడ పాడి లేదు, అక్కకు తీరిక దొరికింది. ఒకసారి నేను వాళ్ళింట్లో ఉండగా ఆయన, ఎత్తిపోతల చూసొద్దాం పద అన్నారు. అక్క నవ్వి, చెల్లి చూసిందిగా, అక్కడేమీ లేదంట, ఊరికే అలిసిపోవడం ఎందుకు అంది. ఆయన నా వైపు చూశారు. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తలెత్తలేదు. లేదక్కా, వెళ్ళు. అంతే కదా అనాల్సింది? ఎందుకు అనలేదు? గేదె సంగతి బయటపడుతుందనా? పడదని నాకు తెలుసు.

ఆ ఏడే అక్క జ్వరంతో మంచం పట్టింది. మళ్ళీ లేవలేదు.

తర్వాత మా ఆయన ఎన్నిసార్లు పిలిచినా నేను అటు వెళ్ళలేదు. వెళ్ళాలని లేక కాదు. ఆ అంచున అక్క పక్కన నిలబడాలని, నీళ్ళను కాదు, వాటిని చూస్తున్న ఆమెను చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఆమె క్షమించేదో లేదో తెలియదు. అడిగే వీలూ లేదు. ఆ రోజు గుమ్మంలో ఆమె అడిగినదానికి మాత్రం ఇన్నాళ్ళకు నిజం చెబుతున్నాను.

చాలా బాగుందక్కా. నువ్వొచ్చుంటే, ఎవరు పిలిచినా అక్కణ్ణించి కదిలేదానివి కాదు.